నా పేరు మీదున్న కారు

మా కారు నా పేరు మీద ఉంది. నాకు కారు నడపడం రాదు. కొన్న కొత్తలో మా ఆయన నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి నేర్పించబోయాడు. ఎదురుగా సండూరు వైపు నుంచి ఖనిజం లారీ వస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ఆ తర్వాత ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

బళ్ళారిలో ఇదేమీ వింత కాదు. ఇక్కడ చాలా ఇళ్ళలో బండి కొంటే ఆడమనిషి పేరు మీదే కొంటారు. కొందరికి అది కలిసొస్తుందన్న నమ్మకం, కొందరికి బ్యాంకు కారణం. మాది రెండోది. మాది మేనరికం. మా మేనమామే నాకు మామగారు. ఆయన ఒకప్పుడు పొలం తాకట్టు పెట్టి లారీలు కొని, సండూరు గనుల నుంచి ఖనిజం తోలించాడు. గనులు మూతపడ్డాక లారీలు ఇంటి ముందు నిలబడిపోయాయి. ఆ అప్పు కాగితాల మీద కొడుకు సంతకం కూడా ఉంది. అందుకని తర్వాత ఏ బ్యాంకూ మా ఆయనకు, అదే బావకు, అప్పివ్వలేదు. నేను బి.కాం. చదివాను, ఏ అప్పు కాగితం మీదా నా పేరు లేదు. అందువల్ల కారు నా పేరు మీద వచ్చింది.

బావ దాన్ని ఫోన్‌లో బుక్ చేసుకునే ట్యాక్సీగా నడిపేవాడు. కంపెనీ యాప్‌లో రెండు రకాల ఖాతాలుంటాయి. ఒకటి బండి ఓనర్‌ది, ఇంకొకటి డ్రైవర్‌ది. కారు కాగితాల్లో నా పేరుంది కాబట్టి ఓనర్ ఖాతా నాది. డ్రైవర్ ఖాతా బావది. ఇంట్లో ఇదొక నవ్వులాటగా ఉండేది. అన్నానికి కూర్చుంటూ, "ఏమే ఓనరమ్మా, ఈ పూట నీ డ్రైవర్‌కి అన్నం పెడతావా, డ్యూటీకి పొమ్మంటావా?" అనేవాడు. "డ్యూటీ సరిగ్గా చేస్తే పెడతాలే," అనేదాన్ని.

ఓనర్ ఖాతా తెరిస్తే ఒక పటం కనబడుతుంది. అందులో మా కారు పచ్చచుక్కగా కదులుతూ ఉంటుంది. పాప పుట్టినప్పటి నుంచి నాకు భయం ఎక్కువైంది. పాపకు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంటే చాలు, రాత్రంతా తాకి చూసుకునేదాన్ని. బావ బయటికి వెళితే ఆ చుక్క చూసేదాన్ని. తోరణగల్లు దారిలో స్టీలు ఫ్యాక్టరీ బస్సులూ లారీలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. చుక్క ఆ దారిలో ఎక్కువసేపు ఒకచోట ఆగితే పప్పు పొయ్యి మీద వదిలేసి ఫోన్ పట్టుకుని నిలబడేదాన్ని. కదిలితే మళ్ళీ పప్పు కలిపేదాన్ని. ఈ సంగతి బావకు కూడా పూర్తిగా తెలియదు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "బావా, యాడుండావు?" అంటే, "యాడుంటా, ఈడే, టేషన్ కాడ," అనేవాడు. అది నాకు ముందే తెలుసు. గొంతు వినాలని చేసేదాన్ని.

సంఘం మాట మొదట వచ్చింది ఆ రైల్వే స్టేషన్ దగ్గరే. అక్కడ ఆటోవాళ్ళకు పాత స్టాండు ఉంది, బోర్డు ఉంది, జెండా ఉంది. ఫోన్‌లో బుక్ అయిన కారు గేటు దగ్గరికి వస్తే ఆటోవాళ్ళు అడ్డం నిలబడేవాళ్ళు. ఒకరోజు మాటకు మాట పెరిగి ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. ఆటోవాళ్ళ వైపు నుంచి వాళ్ళ సంఘం అధ్యక్షుడు మాట్లాడాడు. కార్ల వైపు నుంచి బావ మాట్లాడబోతే పోలీసు, "నువ్వెవరప్పా? మీకు సంఘం ఉండాదా? నోందణి అయిందా?" అని అడిగాడట. నోందణి అంటే రిజిస్ట్రేషన్, మా ఊళ్ళో అందరూ ఆ కన్నడ మాటే వాడతారు. కాలేదంటే, "మరి నీతో ఏం మాట్లాడేది, బండి తీయ్," అన్నాడట.

ఆ మాట బావకు బాగా తగిలింది. అంతకుముందు కంపెనీతో కూడా ఇదే అనుభవం. ఎవరో ప్యాసింజరు ఫిర్యాదు చేశాడని ఒకరి ఐడీ, అంటే డ్రైవర్ ఖాతా, ఆపేస్తారు. ఎందుకని అడగడానికి మనిషి దొరకడు. బైపాసు దగ్గర మేడ మీద కంపెనీకి ఒక గది ఉంది కానీ, అక్కడ కూర్చునే అబ్బాయి, "యాప్‌లో రాయండన్నా," అని తప్ప ఇంకో మాట అనడు. యాప్‌లో రాస్తే, మీ అసౌకర్యాన్ని అర్థం చేసుకున్నాం అని వెంటనే జవాబొస్తుంది. ఎవరు అర్థం చేసుకున్నారో తెలియదు.

ఫోన్ కార్ల డ్రైవర్లంతా కలిసి సంఘం పెట్టి, దానికి పెద్దగా ఒక ముసలి డ్రైవర్‌ను ఎన్నుకున్నారు. కౌల్ బజార్‌లో ఉంటాడు, అందరూ ఆయన్ని భాయీ అని పిలుస్తారు. సెక్రటరీ మా బావ. నాకది నచ్చలేదు. "సభ్యుడిగా ఉంటే చాలదా బావా? ముందు నిలబడేవాళ్ళనే కదా ముందు కొట్టేది," అన్నాను. "అందరి ఇండ్లలో ఇదే మాట అంటాండారు. అట్లంటే ముందర నిలబడేది ఎవరు?" అన్నాడు.  సంఘం మంచిదేనని నాకు తెలుసు. వేరేవాళ్ళ ఆయన ముందు నిలబడితే బాగుండునని మాత్రం అనుకున్నాను.

సంఘం నోందణికి అర్జీ లేబర్ ఆఫీసులో ఇచ్చిన కొద్దిరోజులకే బావ ఐడీ ఆగిపోయింది. నియమాల ఉల్లంఘన అని ఒక్క ముక్క వచ్చింది. ఏ నియమమో లేదు. సంఘం పెట్టినందుకే ఆపారా, నిజంగానే ఎవరైనా ఫిర్యాదు చేశారా, నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనిది రాయను. ఆ రోజు నుంచి పచ్చచుక్క సత్యనారాయణపేటలో మా వీధిలోనే నిలబడిపోయింది.

బావ యాక్టింగ్ డ్రైవర్‌గా పోవడం మొదలుపెట్టాడు. అంటే ఎవరైనా సొంత కారున్నవాళ్ళు ఊరికి పోవాలంటే ఆ ఒక్కరోజుకు పిలిపించుకునే డ్రైవర్. కొన్నిరోజులు ఉంటుంది, కొన్నిరోజులు ఉండదు.

ఇంకో వారానికి నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. బావకు కాదు, నాకు. ప్రియమైన ఓనర్ గారూ, మీ వాహనం మంచి స్థితిలో ఉంది, మీ ఖాతా సక్రమంగా ఉంది, మరో డ్రైవర్‌ను జతచేసి ఈరోజే సంపాదన మొదలుపెట్టండి, అని. కింద ఒక బటన్. నేను మెసేజ్ రెండోసారి చదివేటప్పుడు పాప నా ఒళ్ళోకి ఎక్కి ఆ బటన్ మీద వేలు పెట్టబోయింది. ఫోన్ లాక్కున్నాను. పాప ఏడ్చింది.

అత్తకు చూపించాను. మా అత్త మాటను మనసులో దాచుకునే మనిషి కాదు. "పెట్టుకుందాం అమ్మీ. మా అన్న ఊర్లో లారీ తోలే పిల్లోడు ఒకడు ఖాళీగా ఉండాడు, నమ్మకస్తుడు. బ్యాంకుకు నెలనెలా కంతు కట్టేది ఎట్ల? నీ మొగుడు సంఘం అంటాడు, సంఘం అన్నం పెడతాదా?" అంది. మెల్లగా, "లారీలు ఇంటి ముందర నిలబడి తుప్పు పట్టింది చూసినా. మీ మామ రోజూ పొద్దున్నే లేచి వాటిని తుడిచేటోడు. మళ్ళా ఇంకో బండి నిలబడేది చూడాల్నా నేను?" అంది. 

బావతో చెబితే, "కారు నీది. నీ ఇష్టం," అన్నాడు.

"నాదేంది బావా? కాగితంలో నాది."

"అదే అంటాండా. కాగితంలో నీదే గదా."

కోపంగా కాదు, అలసటగా అన్నాడు. నాకు కోపం వచ్చింది. వద్దని ఒక్క మాట అంటే వద్దనుకునేదాన్ని. సరే అంటే సరే అనుకునేదాన్ని. నా మీద వదిలేశాడు.

ఈలోపు లేబర్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. భాయీ, బావ, ఇంకొందరు వెళ్ళి సాయంత్రం నేరుగా మా ఇంటికే వచ్చారు. వాళ్ళ ముఖాలు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియనట్టున్నాయి. సంగతేమిటంటే, సంఘం నోందణికి కనీసం ఏడుగురు కార్మికులు సంతకం పెట్టాలి. మనవాళ్ళు ఏడుగురు సంతకాలు పెట్టారు. కంపెనీ తరఫున ఒక అభ్యంతరం వచ్చింది. ఈ ఏడుగురూ మాకు పనివాళ్ళు కారు, మాకు ఒప్పందం ఉన్నది బండ్ల ఓనర్లతో, వీళ్ళు ఆ ఓనర్ల దగ్గర పనిచేసే డ్రైవర్లు, ఏదైనా ఉంటే తమ యజమానులతోనే తేల్చుకోవాలి, అని. చూస్తే ఏడుగురి కార్లూ వాళ్ళ భార్యల పేరు మీదే ఉన్నాయి. సంతకం పెట్టేటప్పుడు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. బండి ఎవరి పేరు మీదుంటే ఏమి, తోలేది నేను కదా అనుకున్నారు.

"మనల్ని మన పెండ్లాలతో తగువు పెట్టుకోమంటాండారు," అన్నాడు ఒకాయన.

"అది రోజూ ఉండేదే గదా," అన్నాడు ఇంకొకాయన. "ఇప్పుడు ఆఫీసులో పెట్టుకుంటాం, అంతే తేడా."

భాయీ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "నలభై ఏండ్లు స్టీరింగు పట్టినా. నా బీబీ నాకు సేట్ అని ఈరోజు తెలిసింది. అరె, ఆమెకు ముందే తెలుసు కాబోలు," అన్నాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. నా వైపు చూసి, "ఓనర్లను తీసుకురమ్మన్నాడు లేబర్ ఆఫీసు సారు. వాళ్ళను అడిగి రాసుకుంటాడంట," అన్నాడు.

అప్పుడు నాకు ఆ బటన్ సంగతి ఇంకోలా అర్థమైంది. నేను ఇంకో డ్రైవర్‌ను పెట్టుకుంటే ఇల్లు గడుస్తుంది. కానీ కంపెనీ రాసింది నిజమవుతుంది. డ్రైవర్లను పెట్టుకునేది, తీసేది ఓనరే అని నేనే చూపించినట్టవుతుంది. సెక్రటరీ భార్యే అలా చేస్తే మిగతా ఆరుగురి మాట ఎవరు వింటారు? పెట్టుకోకపోతే కారు ఇలాగే నిలబడుతుంది. నోందణి వస్తుందన్న నమ్మకమూ లేదు. పాప నిద్రపోయాక ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు చూశాను. పాప ముఖం చూస్తే బటన్ నొక్కాలనిపించేది. పొద్దున బావ యాక్టింగ్ పనికోసం ఫోన్లు చేస్తూ గడప దగ్గర నిలబడితే, నొక్కకూడదనిపించేది.

చివరికి నొక్కలేదు. ధైర్యమని చెప్పను. విచారణ అయ్యేదాకా ఆగుదామని అత్తను బతిమాలాను. "అయ్యేదాకానే," అంది అత్త.

విచారణ రోజు ఏడుగురు ఆడవాళ్ళం లేబర్ ఆఫీసు వరండాలో కూర్చున్నాం. కొందరు బుర్ఖాలో, కొందరు పెళ్ళికి కట్టుకునే చీరల్లో వచ్చారు. భాయీ భార్య డబ్బాలో మండక్కి, అదే బొరుగులు, కలుపుకొచ్చి అందరికీ పంచింది. మా ఎదురింటి అక్క భర్త కూడా సభ్యుడే. ఆమె, "ఏమడుగుతాడో ఏమో తల్లీ, నాకు కన్నడ సదవను రాదు, మాట్లాడను వస్తాది," అని వణికిపోతూ ఉంది. మగవాళ్ళంతా గేటు బయట చెట్టు కింద నిలబడ్డారు, బడి బయట తల్లిదండ్రులు నిలబడినట్టు. పాపను అత్త దగ్గర వదలాలనుకున్నాను కానీ అత్త కూడా వస్తానంది. "మా కోడలు ఏం మాట్లాడతాదో నేనూ వింటా," అంది.

నన్ను ముందు పిలిచారు. అధికారి నడివయసు మనిషి, కన్నడంలో మొదలుపెట్టి నా యాస విని తెలుగులోకి వచ్చాడు. పక్కన కంపెనీ తరఫు మనిషి, నాకంటే చిన్నవాడేమో, తెల్లచొక్కా, ఒళ్ళో ల్యాప్‌టాప్. మర్యాదగానే ఉన్నాడు. నన్ను మేడం అన్నాడు.

"కూర్చోమ్మా. కారు మీదేనా?" అన్నాడు అధికారి.

"నా పేరు మీద ఉండాది సార్."

"డ్రైవర్ మీ ఆయన. ఆయనకు పని చెప్పేది ఎవరు?"

"ఫోన్ చెప్తాది సార్. ఫోన్ మోగితే పోతాడు."

"రేటు ఎవరు పెడతారు?"

"అదీ ఫోనే."

అధికారి రాసుకున్నాడు. అప్పుడు కంపెనీ మనిషి, "సార్, ఒక విషయం," అని ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాడు. "మేడం ఓనర్ యాప్‌ను రోజుకు చాలాసార్లు తెరుస్తారు. డ్రైవర్ ఎక్కడున్నదీ చూస్తూనే ఉంటారు. మా దగ్గర రికార్డు ఉంది. ఇంతగా కనిపెట్టి చూసే ఓనర్లు చాలా తక్కువ. ఇది పర్యవేక్షణే కదా సార్."

 తలుపు తెరిచే ఉంది. వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. నేను ఎవరికీ చెప్పని సంగతి, బావకు కూడా చెప్పని సంగతి, ఎక్కడో లెక్కల్లో ఉంది. నా భయం మొత్తం ఎవరో రాసి పెట్టుకున్నారు. పైగా దానికి వేరే పేరు పెట్టారు.

"నిజమేనామ్మా?" అన్నాడు అధికారి.

"నిజమే సార్. చూస్తాను."

"ఎందుకు?"

 పాప నా కొంగు నోట్లో పెట్టుకుని నములుతూ ఉంది. తీశాను.

"వస్తాడో రాడో అని సార్. ఆ దారిలో లారీలు ఎట్ల వస్తాయో మీకు తెలుసు. చుక్క కదిలితే బాగుండాడని. పని చేస్తాండాడా లేదా అని ఒక్కరోజూ చూడలేదు. చెట్టు కింద పడుకున్నాడని తెలిస్తే నాకు సంతోషమే," అన్నాను.

అధికారి తల దించుకుని ఏదో రాశాడు. కంపెనీ మనిషి, "అది మీ వ్యక్తిగతం మేడం. కానీ ఒప్పందం ప్రకారం మీ డ్రైవర్‌కు మీరే బాధ్యులు," అన్నాడు.

ఆ మాటతో నాకు ఒక దారి కనబడింది. ముందుగా ఆలోచించుకుని పోయింది కాదు. మాట్లాడుతూ ఉంటే నోట్లోకి వచ్చింది.

"నా డ్రైవర్ అంటాండారు గదా. మంచిది. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పెట్టుకునేది, తీసేది నేనే అయితే ఆయన్ని నేను మళ్ళీ పనిలో పెట్టుకుంటాండా. ఇప్పుడే, ఈడనే. ఐడీ తెరవండి," అన్నాను.

కంపెనీ మనిషి నవ్వబోయి ఆపుకున్నాడు. "అట్ల కాదు మేడం. అది సిస్టం నిర్ణయం. ఓనర్ చెప్పినా తెరవలేం."

"నన్ను అడిగి ఆపినారా?"

"లేదు మేడం. అడగాల్సిన అవసరం..."

"ఎందుకు ఆపినారో నాకు చెప్పినారా?"

ఆయన ల్యాప్‌టాప్ వైపు చూశాడు. అధికారి కలం ఆపి ఆయన వైపు చూశాడు. "చెప్పినారేనప్పా?" అని కన్నడం కలిపి అడిగాడు.

"లేదు సార్."

"ఆయ్తు," అన్నాడు అధికారి, అంటే అయింది అని.  చాలాసేపు రాసుకున్నాడు. నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

నేను బయటికి వచ్చేసరికి ఆ మాటలన్నీ వరండా నుంచి చెట్టు కింద మగవాళ్ళదాకా పోయాయి. తర్వాత ఎదురింటి అక్క లోపలికి పోయి, వణుకుతూనే, "మా ఆయన్ని కూడా నేను పెట్టుకుంటాండా సార్," అని వచ్చిందట. ఆమె భర్త ఐడీని ఎవరూ ఆపలేదు. అధికారి, "ఆయన పనిలోనే ఉండాడు కదమ్మా," అంటే, "ఉండనీ సార్, మళ్ళీ పెట్టుకుంటా," అందట. ఆ సాయంత్రం మండక్కి డబ్బా చుట్టూ అదే నవ్వు.

బావ మాత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "అన్నిసార్లు చూసేదానివా?" అన్నాడు.

"ఊఁ."

"నాకు చెప్పుంటే అప్పుడప్పుడు నేనే ఫోన్ చేసేటోణ్ణి."

"చేస్తే ఇంకా భయమేసేది, ఏమయిందో ఎందుకు చేస్తాండాడో అని."

పాప చెయ్యి పట్టుకుని లోపలికి పోయాడు. అత్త గడప మీద కూర్చుని ఉంది. "బాగానే మాట్లాడినావు," అంది నా ముఖం చూడకుండా. బటన్ సంగతి ఆ తర్వాత ఆమె ఎత్తలేదు.

ఎదురుచూపులు చాలాకాలం సాగాయి. కారును బావ అప్పుడప్పుడు స్టార్ట్ చేసి వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేవాడు, బ్యాటరీ చచ్చిపోకుండా. నా మెడలో ఉండే నగలు రెండూ బ్యాంకులో తాకట్టుకు పోయాయి. దాని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు. పాపకు జ్వరం వచ్చి తగ్గింది. యాప్ డ్రైవర్ల కోసం ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చిందని, బోర్డు పెడతారని సంఘంలో చెప్పుకునేవాళ్ళు. నేను వినేదాన్ని. మా వీధిలో ఆగిన కారుకు ఆ చట్టం ఎప్పుడు చేరుతుందో అనుకునేదాన్ని.

నోందణి వచ్చింది. ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేసి, "వచ్చింది," అన్నాడు. అవతల భాయీ గొంతు, ఇంకెవరిదో ఈల. కాగితం ఇంటికి తెచ్చి చూపించాడు. సంఘం పేరు, నంబరు, ముద్ర. అభ్యంతరం తోసిపుచ్చినట్టు వేరే కాగితంలో రాశారు. పని ఇచ్చేదీ ఆపేదీ ఓనర్లు కాదని విచారణలో తేలింది, అన్న వాక్యం అందులో ఉంది. నేను దాన్ని మెల్లగా చదివాను. ఆ వాక్యంలో మా ఇంటి సంగతి ఉందని చదివేవాళ్ళకెవరికీ తెలియదు.

ఇక బావ ఐడీ తెరుస్తారని నేను అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు. లేబర్ ఆఫీసులోనే కంపెనీ వాళ్ళతో సంఘానికి మొదటి సమావేశం జరిగింది. మనుషులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆగిపోయిన ఐడీలు చాలా ఉన్నాయి, ఒకేసారి అన్నీ కావు, ఈసారికి మూడు పేర్లివ్వండి, చూస్తాం అన్నారట కంపెనీవాళ్ళు. ఆ మూడు పేర్లు సంఘం ఇచ్చింది.

బావ అన్నం కలుపుకుంటూ ఈ సంగతి చెప్పాడు. ఎవరెవరివో చెప్పాడు. ఒకాయన భార్యకు డయాలసిస్. ఇంకొకాయనకు ఇల్లు ఖాళీ చేయమని ఒత్తిడి. మూడో ఆయన పని లేక తాగుడుకు దిగాడు.

"నీ పేరు?" అన్నాను.

"ఈసారి లేదు."

"భాయీ ఏమన్నాడు?"

"నాదే మొదట రాయమన్నాడు. అందరూ అట్లనే అన్నారు. నేనే వద్దన్నా."

"ఎందుకు బావా?"

"సెక్రటరీ తన పేరే ముందర రాసుకున్నాడు అంటారు. తన ఐడీ కోసం సంఘం పెట్టినాడు అంటారు. కంపెనీవాళ్ళకు కావాల్సింది అదే గదా."

నేను గిన్నె గట్టిగానే కింద పెట్టాను. ఆఫీసులో, తెరిచి ఉన్న తలుపు ముందు, నా భయాన్ని అందరికీ వినబడేలా చెప్పింది ఎవరికోసం? ఆ ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆయనకోసమే చెప్పాను, కానీ ఆ మూడు పేర్లలో ఆయన పేరే లేదు. ఆయన చెప్పింది సరైనదేనని నాకు తెలుసు.  అత్త కొడుకు కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది. 

మర్నాడు బావ యాక్టింగ్ పని మీద హోస్పేట వెళ్ళాడు. సంఘం నంబరంటూ ఇప్పుడు బావ నంబరే అందరి దగ్గరా ఉంది. బండి నడిపేటప్పుడు మాట్లాడటం కుదరదని వచ్చే ఫోన్లను నా ఫోన్‌కు మళ్ళించి పోయాడు. మధ్యాహ్నం పాపకు అన్నం తినిపిస్తుంటే మోగింది. తెలియని నంబరు. ఎవరో కుర్రాడి గొంతు, తోరణగల్లు నుంచి.

"సంఘం సెక్రటరీ గారేనా?"

"ఆయన బండి మీద ఉండాడన్నా. నేను ఇంటి నుంచి మాట్లాడతాండా."

"పొద్దున ఐడీ ఆపేసినారక్కా. ఎందుకో రాయలేదు. మా ఆవిడకు నెలలు నిండినాయి." మళ్ళీ అడిగాడు. "సంఘం రిజిస్టర్ అయిందంట గదా. ఎన్ని రోజుల్లో తెరిపిస్తారక్కా?"

పాప నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తూ ఉంది. తొందరగానే అవుతుందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అలా చెబితే ఆ ఇంట్లో ఒక్క రాత్రి అయినా నిద్ర పడుతుంది. కానీ అది అబద్ధం.

"తెలీదన్నా," అన్నాను. "మాది కూడా ఆగిపోయే ఉండాది. సమావేశంలో పెడతారు. అడిగేదానికి ఇప్పుడు మనుషులుండారు, అంతవరకు నేను చెప్పగలను."

 

"మీది కూడానా?" అన్నాడు.

"మాది కూడా."

"సరేక్కా. అయితే రాసుకోండి," అన్నాడు.

ముద్ద పాప నోట్లో పెట్టి, ఎడమచేత్తో కలం తీసుకుని, పేరు చెప్పమన్నాను.